సగం కొలతల మందిరం

పోయిన నెల మా చెల్లెలి కూతురు తన ఆఫీసు చూపిస్తానని నన్ను జూబ్లీహిల్స్ తీసుకువెళ్లింది. ఇళ్లు, దుకాణాలు లోపల ఎలా ఉండాలో గీసిచ్చే ఆఫీసు అది. అద్దాల తలుపు దాటగానే ఎదురుగోడ మీద, చిన్న దీపం కింద, నాలుగు చెక్కపట్టీలు ఒకదానికొకటి బిగించి వేలాడదీసి ఉన్నాయి. నేను అక్కడే ఆగిపోయాను. పాంటోగ్రాఫ్! ఎన్నో ఏళ్లుగా కంటికి కనబడని నా పనిముట్టు, రాజుగారి కత్తిలా గోడెక్కి కూర్చుంది. "మా సార్ పాత సామాన్ల దుకాణంల కొన్నరు పెద్దమ్మా, చూడనీకి బాగున్నదని పెట్టిచ్చిన్రు" అంటోంది పిల్ల. నేను అప్పటికే ఒక కుర్చీ లాక్కుని ఎక్కేశాను.

"పెద్దమ్మా, ఏం చేస్తున్నవ్? దిగు, అందరు చూస్తున్నరు!"

"చూడనీయి. ఒక మర ఆరో నంబరుల ఉన్నది, ఇంకోటి తొమ్మిదిల ఉన్నది. గిట్ల పెట్టి చంద్రుణ్ణి గీస్తే గుమ్మడికాయ వస్తది."

రెండు మరలనూ ఆరో రంధ్రంలో బిగించి దిగాక గానీ నాకు ఊపిరాడలేదు. చుట్టూ చేరిన పిల్లలు "ఇది దేనికి మేడం?" అని అడిగారు. పటాన్ని చిన్నది చేయడానికీ, పెద్దది చేయడానికీ అన్నాను. వాళ్లు మర్యాదగా నవ్వి, తెర మీద రెండు వేళ్లు కదిపి ఒక ఇంటి పటాన్ని గోరంత చేసి, మళ్లీ తెర నిండా చేసి చూపించారు. బాగానే ఉంది. కానీ ఆ సాయంత్రం ఇంట్లో రొట్టెలు చేస్తుంటే నా కుడిచేతి వేళ్లు పీట మీద ఏదో గీత వెంట నడుస్తూనే ఉన్నాయి. యౌవనంలో దేవుడు నాకు ఇచ్చిన గొప్ప సంతోషాల్లో ఒకటి ఆ చెక్కపట్టీల్లో ఉంది. ఒకసారి అది దాదాపు నా చేజారిపోయింది కూడా. ఆ సంగతి చెప్పకుండా ఉండలేను.

ముందు పనిముట్టు గురించి. నాలుగు సన్నని చెక్కపట్టీలు, ఇత్తడి కీళ్లు. ఒక కొస సీసపు దిమ్మతో బల్ల మీద కదలకుండా కూర్చుంటుంది. మధ్యలో ఒక సూది, రెండో కొసన పెన్సిలు. సూదిని పాత పటం గీతల మీద నడిపిస్తే, పక్కనున్న తెల్లకాగితం మీద పెన్సిలు అదే పటాన్ని పెద్దదిగా గీసుకుంటూ పోతుంది. సూదినీ పెన్సిలునూ ఒకదాని చోట ఒకటి పెడితే చిన్నదిగా గీస్తుంది. ఎంత పెంచాలి, ఎంత తగ్గించాలి అన్నదాన్ని బట్టి పట్టీల మీది నంబర్ల రంధ్రాల్లో మరలు బిగించాలి, రెండూ ఒకే నంబరులో. దిమ్మ, సూది, పెన్సిలు ఒకే వరసలో ఉన్నాయా అని దారం లాగి చూసుకోవాలి. అంతే! నేను ఇక్కడ చూస్తున్నాను, గీత అక్కడ పుడుతోంది. అవసరం లేనిచోట పెన్సిలును పైకెత్తడానికి ఒక దారం ఉండేది. రెండు చేతులూ పనిలో ఉంటాయి కాబట్టి ఆ దారాన్ని పళ్ల మధ్య పట్టుకునేదాన్ని. మొదటిరోజు ఆనందం పట్టలేక "స్తోత్రం" అని నోరు తెరిచాను. దారం జారి, పెన్సిలు టక్కున కాగితం మీద పడి, ఒక మహారాజు సింహాసనం మధ్యలో చుక్క పెట్టింది.

మహారాజు అంటే సినిమా మహారాజే. ఐటీఐలో డ్రాఫ్ట్స్‌మన్ చదువు అయ్యాక నాకు దొరికిన మొదటి ఉద్యోగం ఫిల్మ్ నగర్‌లో ఒక కళాదర్శకుడి దగ్గర. అప్పట్లో ఆ కొండల మీద ఇళ్లకంటే బండలే ఎక్కువ. పగలంతా ఎక్కడో ఒకచోట బండలు పేల్చే చప్పుడు వినిపిస్తుండేది, మా బల్లల మీద ఇంకు సీసాలు సన్నగా వణికేవి. కింద వడ్రంగులు, పోతపోసేవాళ్లు. మేడ మీద మేము. మెట్లెక్కుతుంటే మొదట ఉడుకుతున్న జిగురు వాసన, తర్వాత తడి ప్లాస్టర్ వాసన, పైకి వచ్చేసరికి పటాల నకళ్లు తీసే పెట్టె నుంచి కళ్లు మండించే అమ్మోనియా ఘాటు. ఆ ఘాటు నా చీర కొంగులో ఇంటిదాకా వచ్చేది. ఇంత చిన్న ఫోటోలో ఉన్న కోట స్తంభాన్ని నిలువెత్తు చేయడం, పెద్ద భవనం పటాన్ని మొత్తంగా కుదించి బల్ల మీద పట్టే బొమ్మ కోటకు గీసివ్వడం, ఇదీ మా పని. వడ్రంగులు పాంటోగ్రాఫ్‌ను ఎండ్రకాయ అనేవారు. పక్కకు పక్కకు పాకుతుంది కదా.

మా హెడ్ డ్రాఫ్ట్స్‌మన్ రంగనాయకులు గారిది తెనాలి. నుదుట నామం, చెవి మీద పెన్సిలు, మాట తక్కువ. దసరాకు ఆయుధపూజ చేసి అన్ని పనిముట్లకూ కుంకుమ బొట్లు పెట్టేవారు. మొదటి సంవత్సరం క్రైస్తవ పిల్లనైన నేను దూరంగా నిలబడి, మర్నాడు ఆ పాంటోగ్రాఫ్‌ను ఎలా ముట్టుకోవాలా అని లోలోపల కలవరపడ్డాను. తెల్లారి వచ్చేసరికి అది శుభ్రంగా తుడిచి ఉంది. "నువ్వు పట్టుకునే చోట బొట్టు పెట్టలేదులేమ్మా. మిగతాది తుడిచేశాను. ఇక పని మొదలుపెట్టు" అన్నారాయన, నా వైపు చూడకుండానే. అంతటి మర్యాదను నేను చాలా పెద్ద పెద్ద విశ్వాసుల దగ్గర కూడా అరుదుగా చూశాను.

ఇంటి సంగతి వేరు. బోరబండ కొండవాలు మీద రెండు గదుల ఇల్లు మాది. ఐదింటికి మా అమ్మ బొగ్గుల కుంపటి రాజేసేది, ఆ పొగ మధ్యనే చాపమీద కుటుంబ ప్రార్థన. మా నాయన మేస్త్రీ. సున్నం తిన్న వేళ్లతో పరిశుద్ధ గ్రంథం పుటలు తిప్పుతుంటే అంచులు కరకరమనేవి. మెదక్ దిక్కు పల్లెల నుంచి వచ్చిన నలభై కుటుంబాలు మా సంఘం. అందరికీ కలిపి ఒక రేకుల షెడ్డే మందిరం. వానపడితే పాస్టరు అయ్యగారి ప్రసంగం ఆయనకే వినిపించేది కాదు. ఆదివారం బడిలో మాకు లేఖనాలు నేర్పింది సంఘపెద్ద సమూయేలు పెద్దయ్య. రైల్వేలో పనిచేసి దిగిపోయిన మనిషి, ఏనుగులాంటి ఒళ్లు, ఉరుములాంటి గొంతు. అరణ్యంలో దేవుని ఆరాధనకు కట్టిన గుడారం కొలతలు వచ్చే అధ్యాయాలను అందరూ దాటేస్తే, ఆయన మాత్రం మమ్మల్ని నేల మీద సుద్దముక్కతో గీయించేవాడు. కొండ మీద చూపించిన మాదిరి ప్రకారమే, ఒక వేలెడు తేడా లేకుండా కట్టమని దేవుడు ఎందుకు ఆజ్ఞాపించాడో నాకు ఆ సుద్దగీతల్లోనే అర్థమైంది. దేవుడు కొలతలు పట్టించుకుంటాడు! పటాలు గీయాలన్న ఆశ నాకు పుట్టింది అక్కడే. ఆ ఆశ పుట్టించిన పెద్దయ్యే దానికి అడ్డం పడ్డాడు.

"ఆడపిల్లను సిన్మావాళ్ల కాడికి తోలుతున్నవ్" అన్నాడు పెద్దయ్య ఒక ఆదివారం ఆరాధన అయ్యాక, అందరి ముందు మా నాయనతో. "గాడ కట్టేదంత అట్టముక్కల అబద్ధం. పొద్దున లేపుతరు, మాపటికి కూలగొడ్తరు. మన పిల్ల చెయ్యి అబద్ధానికా ఇచ్చింది దేవుడు?"

మా నాయన తలవంచుకున్నాడు. ఆయన మెత్తని మనిషి. నేను ఏడుపు ఆపుకుంటుంటే అయ్యగారు కలగజేసుకున్నారు. "పెద్దయ్యా, మన మందిరం కట్టాలె గదా. ఊరి గుడి పటం పెట్టెల ఉన్నది. జాగ చిన్నది, గుడి పెద్దది. దాన్ని సగానికి తగ్గించి గీయమనుండ్రి పిల్లను. మందిరానికి పనికొచ్చే చెయ్యి అయితే పనికి పోనిద్దాం. కాకుంటే ఇంట్ల కూసుంటది. సరేనా?"

"సరే" అన్నాడు పెద్దయ్య. అందరూ ఆమేన్ అన్నారు. నా ఉద్యోగం ఆ ఒక్క పటం మీద నిలబడింది.

ఊరి గుడి అంటే మా తాతలు పల్లెలో రాళ్లు మోసి కట్టిన చర్చి. దాని పటం గంజి పట్టించిన సన్నని నారబట్ట మీద, పాతకాలపు నల్లసిరాతో, ప్రభురాత్రి భోజనపు పాత్రల పెట్టెలో కలరా ఉండల వాసన వేస్తూ ఉండేది. ఆ బట్టను ఒళ్లో పెట్టుకుని బస్సులో ఫిల్మ్ నగర్ వెళ్లిన పొద్దు తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. మధ్యాహ్నం అన్నం వేళ పాంటోగ్రాఫ్ వాడుకోవచ్చా అని రంగనాయకులు గారిని అడిగాను. "దేవుడి పనేగా, వాడుకో. ఏ దేవుడికైనా కొలత కొలతే" అన్నారు. పటం మీద పారదర్శకమైన కాగితం పరిచి, సూది గీసుకుపోకుండా చూసుకుంటూ, నాలుగు మధ్యాహ్నాలు గీశాను. గోడలు, కిటికీల వంపులు, మెట్లు, గంటగోపురం. అన్నీ బొమ్మలా ముద్దుగా దిగుతున్నాయి! తగ్గించి గీయడంలో ఒక మాయ ఉంది. పెంచితే చేతి వణుకు కూడా పెరిగి కనబడుతుంది. తగ్గిస్తే వణుకు అణిగిపోయి, ఆ పటం అసలు దానికంటే అందంగా వస్తుంది. ఆ అందం చూసి పొంగిపోయాను. కింద "అంగుళానికి ఎనిమిది అడుగులు" అని పాత పటంలో ఉన్నట్టే రాశాను. పటం సగమైంది, లెక్క అదే, కాబట్టి అరవై అడుగుల గుడి సరిగ్గా ముప్పై అడుగులైంది. జాగాలో చక్కగా పట్టింది. మా నాయన బయటి గోడల కొలతలు సరిచూసి, నా తలమీద చెయ్యిపెట్టి ప్రార్థన చేశాడు.

ఆదివారం ఉదయం సంఘమంతా జాగాలో చేరింది. నా పటం చేతబట్టుకుని నాయన మేకులు పాతి, దారాలు కట్టి, సున్నంతో గీతలు పోశాడు. తెల్లటి గీతల్లో మందిరం నేల మీద పడుకున్నట్టు కనిపించగానే ఆడవాళ్లు పాట అందుకున్నారు. నాకైతే గంట మోగుతున్నట్టే ఉంది. "పెద్దయ్య ముందు అడుగుపెట్టాలె" అన్నారు అయ్యగారు. పెద్దయ్య చెప్పులు విడిచి, గుమ్మం దగ్గరి గీతల మధ్యకు వచ్చి, ఆగిపోయాడు.

గుమ్మం వెడల్పు రెండు అడుగులు ఉంది.

"ఇగో మేస్త్రీ, దీంట్ల చౌకట్ పెడితే ఎంత మిగులుతది?"

మా నాయన మొహం పాలిపోయింది. "అడుగున్నర కూడ ఉండదు పెద్దయ్య." పటం మళ్లీ విప్పి, నిలువు బొమ్మ మీద స్కేలు పెట్టాడు. "ఎత్తు మూడున్నర అడుగులు" అన్నాడు మెల్లగా, నా వైపు చూడలేక. మెట్లు చూశాం. అడుగు పెట్టే చోటు ఆరే అంగుళాలు. పాత గుడిలో నాలుగడుగుల తలుపు రెండయింది, ఏడడుగుల ఎత్తు మూడున్నరయింది. నేను అన్నిటినీ నమ్మకంగా, ఒక వెంట్రుకవాసి తప్పు లేకుండా, సగం చేశాను. సినిమాకు బల్ల మీది బొమ్మకోట గీసినట్టే దేవుని మందిరం గీశాను. అందులో తిరిగేది బొమ్మలు కాదు, బోరబండ మనుషులు అన్నది నాకు తట్టనే లేదు.

పెద్దయ్య నిలబడిన చోటే మోకాళ్లు వంచి, తల ముందుకు చాచి, లేని తలుపులోంచి దూరబోతున్నట్టు నటించాడు. జనం పగలబడి నవ్వారు. మా అమ్మ కూడా కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

"నేను నేర్పిన కొలతలు మరిచినవా పిల్లా? మూర అంటే ఏంది?" అని ఉరిమాడు పెద్దయ్య.

"మోచేయి నుంచి నడిమి వేలు దాక" అన్నాను.

"ఎవని మోచేయి?"

"మనిషిది."

"మరి నీ పటంల మనిషి ఏడున్నడు?"

మా సంఘంలో తప్పు చేసినవాళ్లు లేచి నిలబడి సాక్ష్యం చెప్పాలి. నేను చేతులు జోడించాను. "పటం చూసిన గానీ మనుషులను చూడలేదు. నా తప్పే. నాయన తప్పు కాదు. ఒక్క వారం ఇయ్యుండ్రి. ఈసారి కూడా కాకుంటే నేనే మానేస్తా" అన్నాను. "వారం" అన్నాడు పెద్దయ్య, ఒక వేలు చూపిస్తూ.

సోమవారం రంగనాయకులు గారికి చెబితే, ఆయన నవ్వగా నేను చూసింది ఆ ఒక్కసారే. చెవి మీది పెన్సిలు జారిపడేంత నవ్వారు. "మినియేచర్ గీసిచ్చావటమ్మా చర్చికి! భక్తులు చీమలనుకున్నావా?" తర్వాత కళ్లు తుడుచుకుని, ఒక కాగితం తీసి, మధ్యలో ఒక మనిషి బొమ్మను కొలతగా గీశారు. "గోడల్ని ఎండ్రకాయతో తగ్గించుకో. పొడుగూ వెడల్పూ దాని పని. తలుపూ మెట్టూ కిటికీ గడపా మాత్రం మనిషిని పెట్టుకుని చేత్తో గియ్యి. మీవాళ్లందరినీ కొలిచిరా."

కొలిచాను! బుధవారం ఉపవాస ప్రార్థన అయ్యాక టేపు పట్టుకుని షెడ్డు గుమ్మంలో నిలబడ్డాను. ఎవరి భుజాలు ఎంత వెడల్పు, చంకలో బిడ్డ ఉంటే ఎంత, నెత్తిన మూట ఉంటే ఎంత. ముసలమ్మలు కిలకిలా నవ్వుతూ వరస కట్టారు. "నన్ను కొలువవే, పెండ్లి రైక కుట్టిస్తవా?" అంటూ ఒకామె. పెద్దయ్య భార్య రాహేలు పెద్దమ్మకు మోకాళ్ల నొప్పులు. మెట్టు మీద మెట్టుగా ఇటుకలు పేర్చి, ఎంత ఎత్తు వరకు నొప్పి లేకుండా కాలెత్తగలదో చూశాను. ఐదు అంగుళాలు. ఆరో అంగుళానికి ఆమె "యేసయ్యా" అంది. "ఊరి గుడికి నేను పోక పదేండ్లయింది బిడ్డా, ఆ మెట్లు ఎక్కలేకనే" అని చెప్పింది. ఆ మాట నాకు ఒంట్లో నిప్పులా పాకింది. పెద్దయ్య ఒక మూల కుర్చీలో కూర్చుని ఇదంతా చూస్తున్నాడు. ఆయన దగ్గరికి వెళ్లడానికి నాకు ధైర్యం చాలలేదు. ఆయనే లేచి వచ్చి, రెండు చేతులు చాచి నిలబడి, "పట్టు. దాచుకోనీకేం లేదు" అన్నాడు. టేపు ఆయన భుజాల చుట్టూ తిప్పడానికి నేను స్టూలు ఎక్కాల్సి వచ్చింది.

ఆ వారం నేను గీసిన గీతల్లో ఉన్న ఉత్సాహం మళ్లీ జీవితంలో ఎప్పుడూ రాలేదేమో. గోడలు పాంటోగ్రాఫ్ గీసింది, తలుపులు నేను గీశాను. గంటగోపురం కొంచెం కుదించాను. రాతి మెట్లు మూడు తీసేసి, వాటి చోట ఎత్తు తక్కువగా, వెడల్పుగా ఐదు మెట్లు పెట్టి, పక్కన చెయ్యిపట్టుకోవడానికి పిట్టగోడ వేశాను. గీస్తున్నంతసేపూ ప్రతి గీత పక్కనా ఎవరో ఒకరు నడుస్తున్నట్టే ఉండేది.

ఇప్పుడు మా చెల్లెలి కూతురి ఆఫీసులో తప్పు గీతకు బాధ లేదు, ఒక మీట నొక్కితే పోతుంది. వాళ్లు గీసే ఇళ్లు కూడా బాగుంటాయి, ఆ పిల్ల తెలివికి నేను రోజూ దేవునికి కృతజ్ఞత చెబుతాను. పాత పనిముట్టే గొప్పదని వాదించను. దానితోనే కదా నేను మూడున్నర అడుగుల తలుపు పెట్టింది. కానీ మేము తప్పు చేస్తే దాని చుట్టూ సున్నపు గీతలు పోసి, నలభై కుటుంబాల మధ్య నిలబడి, అందులో నడిచి చూసేవాళ్లం. ఇప్పుడు తెర మీద ఇల్లు గుండ్రంగా తిరుగుతుంది, అందులో గీసిన మనుషులు ఎప్పుడూ సన్నగానే ఉంటారు. ఎవరికీ మోకాళ్ల నొప్పులు ఉండవు. "మీరు గీసిన ఇంట్లో ఉండబోయే ముసలమ్మను చూశారా?" అని ఆ పిల్లలను అడిగాను.

పెద్దయ్య ఇచ్చిన వారం గడిచి, ఆదివారం మళ్లీ సున్నపు గీతలు పోశారు. ఈసారి నాలుగడుగుల గుమ్మం. మెట్ల చోట నాయన ఇటుకలు పేర్చాడు. పెద్దయ్య ఒక్కడే వస్తాడనుకుంటే, వెనక్కి తిరిగి రాహేలు పెద్దమ్మ చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు. ఆమె ఒక్కొక్క ఇటుక మెట్టూ ఎక్కింది. ఇద్దరూ పక్కపక్కనే గుమ్మంలోంచి నడిచి లోపలికి వెళ్లారు. "ఏమంటవు పెద్దయ్యా?" అని అయ్యగారు అడిగితే, ఆయన కళ్లు మూసుకుని దీర్ఘంగా ప్రార్థన చేశాడు. వానల కోసం, రోగుల కోసం, రైల్వే పెన్షన్‌దారుల కోసం. నా పేరు ఎక్కడా రాలేదు. ఆమేన్ అనగానే భార్యను తీసుకుని వెళ్లిపోయాడు.

సోమవారం నేను పనికి తయారు కాలేదు. సంఘం మాట లేకుండా వెళ్లకూడదని అమ్మ అంది, నాకూ అదే న్యాయం అనిపించింది. రొట్టెలు చేస్తూ, ఒకవైపు మాత్రమే జడ అల్లుకుని కూర్చున్నాను. ఎనిమిది కావస్తుండగా వాకిట్లో నీడ పడింది. చేతిలో పాలగిన్నెతో పెద్దయ్య.

"గీడనే ఉన్నవేంది?"

"మీరు నిన్న ఏం చెప్పకపోతిరి పెద్దయ్య."

"ఇద్దరం కలిసి దర్వాజలకెల్లి నడిచి చూపిస్తిమి. ఇంకేం చెప్పాలె, మైకు పెట్టి చెప్పాల్నా?" అని ఉరిమాడు. "నడువు. బస్సు పోతే మళ్ల గంట దాక రాదు. గా తెనాలాయన ఎదురుచూస్తుంటడు."

పీట మీద రొట్టె అలాగే వదిలేసి లేచాను. చెప్పులు వేసుకున్నానో లేదో తెలియదు, ఆ కొండవాలు మీద బస్సు దాకా పరుగెత్తాను. బస్సు మెట్టు మీద నిలబడి సగం జడ గాలికి ఎగురుతుంటే స్తోత్రం, స్తోత్రం అని గట్టిగానే అన్నాను. అన్నం డబ్బా ఇంట్లోనే మరిచిపోయానని యూసుఫ్‌గూడ దాటాక గానీ గుర్తురాలేదు.